రసూల్‌బీ అనని మాట

బుడాన్ 1998లో చనిపోయాడు. ఎలా చనిపోయాడన్నది మాత్రం ఆ తర్వాత ఏడేళ్ళకు మారింది.

మార్టూరు దాటి పెద్ద రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే రేగడపాడు అతని ఊరు. దూదేకుల వాళ్ళు. పేర్లు ముసల్మానులవి, ఇంట్లో మాట తెలుగు. తాతలు ఊరూరూ తిరిగి, ఇళ్ళ ముందు కూర్చుని దూది ఏకి పరుపులు కుట్టిపెట్టినవాళ్ళు. బుడాన్‌కి ఆ తిరుగుడు నచ్చలేదు. ఒకరి దూది ఏకే బదులు మన దూది మనమే పండించుకుందామని కౌలుకు చేను పట్టాడు. ఒక ఏడు మిరప వేస్తే ఒక ఏడు పత్తి. మెత్తటి మనిషి. ఎవరైనా గట్టిగా మాట్లాడితే తలగుడ్డ సర్దుకుంటూ నవ్వేవాడు.

అతనికి లేని నోరంతా భార్య రసూల్‌బీకి ఉండేది. ఆమె మాట్లాడితే వీధి చివరికి వినపడేది. మేక చేలో పడినా, కుళాయి దగ్గర ఎవరైనా ఆమె బిందె జరిపినా, మొగుడు పొద్దుపోయి వచ్చినా అదే గొంతు. "నీ మొహం మండా, ఇప్పుడా రావటం? అన్నం రాయయిపోయింది" అని తిట్టి, తిడుతూనే మళ్ళీ పొయ్యి ముట్టించి వేడన్నం వండి పెట్టేది. బుడాన్ తిని "బాగుందే" అనేవాడు. ఊరంతటికీ ఆ తిట్లు తెలుసు. ఆ వేడన్నం సంగతి ఎవరికీ తెలియదు.

ఆ ఏడు పత్తికి పచ్చపురుగు పట్టింది. ఏ మందుకీ చావలేదు. రెండు మూడు మందులు కలిపి కొట్టమని షాపుల్లో చెబితే రైతులు అలాగే కొట్టారు. ఒకరోజు పొద్దున్నే బుడాన్ మందు పంపు వీపుకి తగిలించుకుని, ముక్కుకి తువాలు చుట్టుకుని బయల్దేరాడు. గాలి గట్టిగా వీస్తోంది. రసూల్‌బీ వాకిట్లో నిలబడి, "గాలి ఎదురు తంతా ఉంటే ఇప్పుడు కొట్టేదేంది? సాయంత్రం పోకూడదా? పోనీ చద్దన్నమన్నా తిని పో" అంది. "సాయంత్రానికి కాయ మిగలదే" అని అతను వెళ్ళిపోయాడు. ఇంట్లో జరిగింది ఇంతే. ఎనిమిదేళ్ళ కూతురు నసీమున్నీసా, ఇంట్లో పిలుపు నసీమా, అప్పటికింకా నిద్ర లేవలేదు.

పక్క మిరపచేలో కలుపు తీస్తున్న సుబ్బరావమ్మ అతన్ని ముందు చూసింది. సాలు మధ్యలో కూలబడి ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. నోటివెంట నురగ. "అక్కా, కళ్ళు కనపట్టంలా" అన్నాడు. సుబ్బరావమ్మ కేకలేసి మనుషుల్ని పిలిచింది. పంపు విప్పి, ఒళ్ళు కడిగి, ట్రాక్టరు మీద వేసుకుని చిలకలూరిపేట తీసుకుపోయారు. ఆసుపత్రి గేటు కనపడేసరికి ప్రాణం పోయింది. అప్పుడు అతని తల సుబ్బరావమ్మ ఒళ్ళోనే ఉంది.

ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల పత్తిరైతులు మందు తాగి చనిపోతున్నారు. అలాంటి కుటుంబాలకు ప్రభుత్వ సాయం వస్తుందన్న మాట ఊళ్ళల్లో తిరుగుతోంది. ఊరిపెద్ద ఒకాయన రసూల్‌బీని పిలిపించి, ఆమె మేలు కోరే చెప్పాడు.

"మందు తాగాడని రాయిద్దాం. ఒంట్లో మందు ఉండనే ఉందాయె, ఎవురూ కాదనరు. పోయినోడికి ఎట్టా పోయినా ఒకటే. నీకూ పిల్లకీ ఒక దారి దొరికిద్ది."

"ఆయనకి ఒకటి కాదయ్యా" అంది రసూల్‌బీ. "మాలో అది పెద్ద పాపం. రేపు పైన అడిగితే ఆయనేమని చెప్పుకోవాల?"

"ఇక్కడ చెప్పేది నువ్వు గదా, ఆయన కాదుగా."

"అందుకే చెప్పను."

మసీదు హజరత్ దగ్గరుండి, పోయినవాళ్ళ కోసం చేసే జనాజా నమాజు చదివించాడు. అన్నదమ్ములు పాడె మోశారు. గోరీల దొడ్డిలో, తండ్రి పక్కన బుడాన్‌ని పాతిపెట్టారు. సాయం రాలేదు. వద్దనుకున్నదాని గురించి రసూల్‌బీ మళ్ళీ నోరెత్తలేదు.

చెంచురామయ్య ఆ నెలలోనే వచ్చాడు. ఒంగోలులో ఒక కాలేజీలో తెలుగు లెక్చరరు, కథలు రాస్తాడు. రైతుల చావుల గురించి ఊళ్ళు తిరిగి తెలుసుకుంటున్న ఒక బృందంతో పాటు వచ్చాడు. మిగతావాళ్ళు వేరే ఇళ్ళకు వెళ్ళినా అతను రసూల్‌బీ గుమ్మంలో చాలాసేపు కూర్చున్నాడు. మంచివాడే. ఎక్కువ ప్రశ్నలు వేయలేదు. ఇచ్చిన టీ తాగాడు. నసీమాని దగ్గరకు పిలిచి, ఏం చదువుతున్నావని అడగబోయి, ఆగి జేబురుమాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. అది చూసి రసూల్‌బీకి అతని మీద నమ్మకం కలిగింది. గాలి సంగతి, చద్దన్నం సంగతి, ట్రాక్టరు సంగతి అన్నీ చెప్పింది. చివర్లో కడుపుమంటతో ఒక మాట అంది.

"పురుగు చావని మందుకి మనిషి చచ్చాడు సారూ."

చెంచురామయ్య చప్పున తలెత్తి ఆమె వైపు చూశాడు. ఆ మాటే ఇంకోసారి అనమన్నాడు. ఆమె మళ్ళీ అంది.

మరుసటి ఏడు ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో 'పచ్చసీసా' అనే కథ వచ్చింది. అందులో బుడాన్ బుడేసాహెబు అయ్యాడు. రసూల్‌బీ రసూల్‌బీగానే ఉంది. దూదేకే కులం, నల్లరేగడి చేను, ఒక్క కూతురు, అన్నీ ఉన్నాయి. గాలి మాత్రం లేదు. పొద్దున్నే మొగుడూ పెళ్ళాలకి గొడవ అవుతుంది. ఆమె మందు సీసా తెచ్చి అతని ముందు పెట్టి, "పురుగు చావని మందు మగాడికైనా పనిచేస్తుందేమో, తాగి చూడు" అంటుంది. బుడేసాహెబు ఏమీ అనకుండా సీసా పట్టుకుని చేలోకి పోతాడు. కథ చివర ఆమె ఆ ఖాళీ సీసా కడిగి అందులో కిరసనాయిలు పోసుకుంటుంది.

చాలా గొప్ప కథ అన్నారు. బహుమతి వచ్చింది. పేదరికం ఆడదాన్ని ఎంత రాయిగా మారుస్తుందో ఒక్క వాక్యంలో చెప్పాడని విమర్శకులు రాశారు. చెంచురామయ్యని ఎక్కడ పరిచయం చేసినా ఆ వాక్యంతోనే పరిచయం చేసేవారు. రేగడపాడుకి ఆ సంగతేమీ తెలియదు. ఆ ఊరి టీకొట్టుకి వచ్చే పేపరు వేరు.

రసూల్‌బీ చేను వదిలేసింది. పత్తి తీతకీ, మిరపకాయ కోతకీ కూలికి పోయింది. కోతల్లేని రోజుల్లో పుట్టింటి పని మళ్ళీ పట్టుకుంది. పాత పరుపులు విప్పి, దూది ఎండబెట్టి, ఏకి, కొత్త గుడ్డలో కూరి కుట్టేది. నోరు తగ్గలేదు. తిట్టడానికి ఇంట్లో మొగుడు లేడు కాబట్టి మేకల్ని, వానని, కూలికి పిలిచి రేటు తగ్గించే ఆసాముల్ని తిట్టేది. నసీమాని మాత్రం పల్లెత్తు మాట అనేది కాదు. పిల్ల తండ్రి పోలిక. మాట తక్కువ, చదువు మీద ధ్యాస. టెన్త్ బాగా పాసయింది. చిలకలూరిపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్లో చేర్పిస్తే రోజూ బస్సులో వెళ్ళొచ్చేది.

ఆ కాలేజీలో తెలుగు చెప్పే మేడం ఒకరోజు పాఠం ఆపి, మన ప్రాంతం కథ ఒకటి వినండి అని 'పచ్చసీసా' చదివి వినిపించింది.

నసీమా ఆ సాయంత్రం ఇంటికి వచ్చి సంచీ కూడా దించకుండా గుమ్మంలో నిలబడింది. రసూల్‌బీ పరుపు కుడుతోంది.

"అమ్మా, నాయన ఎట్టా పోయాడు?"

"ఏందే ఆ అడగటం? మందు కొడతా పోయాడు. గాలి ముక్కులోకి కొట్టింది."

"తాగలేదా?"

రసూల్‌బీ సూది ఆపింది. "ఎవురు చెప్పారే నీకు?"

"పుస్తకంలో ఉంది. మన ఊరి పేరు లేదు గానీ అంతా మనదే. నీ పేరుంది." పిల్ల గొంతు వణకలేదు. బస్సులో వస్తూ వణికి వణికి అప్పటికి ఆగినట్టుంది. "నువ్వే తాగమన్నావంట."

రసూల్‌బీకి ముందు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పించుకుంది. కథలో వాక్యం పిల్ల నోటివెంట పొల్లుపోకుండా వచ్చింది, ఒక్కసారి వింటేనే. అది విన్నాక రసూల్‌బీ పెద్దగా నవ్వబోయింది. నవ్వు రాలేదు. "నేను అట్టా అంటానంటే, నీ తల్లిని గురించి నువ్వు నమ్మినావా?" అంది.

నసీమా సంచీ దించింది. "నువ్వు అందర్నీ అట్టాగే అంటావుగా" అంది మెల్లిగా.

అది నిజమే.

పిల్ల తెచ్చిన పుస్తకం జెరాక్సు కాగితాలు ఊళ్ళో తిరిగాయి. టీకొట్టు దగ్గర చదువుకున్న కుర్రవాళ్ళు పైకి చదివారు. వినేవాళ్ళు మొదట, "ఛ, బుడాన్ మందు కొడతా పోయినోడు గదా" అన్నారు. రెండోసారి చదివేటప్పటికి, "ఏమో, ఎవురు చూడొచ్చారు? ఆమె నోరు తెలుసుగా" అన్నారు. సుబ్బరావమ్మ టీకొట్టు దాకా పోయి గొడవపడింది. "నా ఒళ్ళో పోయాడ్రా మనిషి. సీసా లేదు, ఏం లేదు" అంది. వాళ్ళు ఆమెను గౌరవంగానే విన్నారు. ఆమె వెళ్ళాక మళ్ళీ చదువుకున్నారు.

బుడాన్ వాళ్ళ అన్న ప్రతి ఏడూ పోయిన తమ్ముడి పేరు మీద ఇంట్లో ఫాతెహా ప్రార్థన చదివించి నలుగురికీ అన్నం పెట్టేవాడు. ఆ ఏడు పెట్టలేదు. అతని భార్య ఖుర్షిదా, రసూల్‌బీకి తోటికోడలు, ఆ సంగతి చెప్పడానికి వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

"మీ బావ వద్దన్నాడు రసూలు. అట్టా పోయినోళ్ళకి చదివించకూడదంట."

"పాడె మోసింది మా బావేగా. ఎట్టా పోయాడో అప్పుడు తెలీదా?"

"అప్పుడు నువ్వు చెప్పింది విన్నాం" అంది ఖుర్షిదా. చెడ్డగా అనలేదు. ఉన్నది చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఏడాది చలికాలంలో ఒంగోలు నుంచి ఇద్దరు మనుషులు కార్డు పట్టుకుని వచ్చారు. అక్కడ ఒక హైస్కూలు మైదానంలో పుస్తకాల పండగ జరుగుతోందని, ఒక సాయంత్రం జిల్లా రచయితలందర్నీ వేదిక ఎక్కిస్తున్నామని, చెంచురామయ్య గారు రసూల్‌బీని ప్రత్యేకంగా పిలవమన్నారని చెప్పారు. కథ వెనక ఉన్న మనిషిని జనం చూడాలంట. శాలువా కప్పుతారంట. కారు పంపిస్తారంట.

సుబ్బరావమ్మ కార్డు చూసి, "పొయ్యిలో పెట్టు" అంది.

"పోతా" అంది రసూల్‌బీ. "రాసినోడే దిద్దాల. ఇంకెవురు చెప్పినా ఈళ్ళు నమ్మరు. సారు మంచోడు. మన గుమ్మంలో కూచుని ఏడ్చినాడు. చెప్తే మారస్తాడు."

నసీమా పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "నేనూ వస్తా" అంది. సుబ్బరావమ్మ సాక్ష్యానికి తోడు వచ్చింది. ముగ్గురూ కారులో ఒంగోలు చేరారు.

మైదానం నిండా గుడ్డ గదులు కట్టి పుస్తకాలు పేర్చారు. పోటీ పరీక్షల పుస్తకాల దగ్గరా, బజ్జీల బండి దగ్గరా జనం ఉన్నారు. షామియానా కింద కుర్చీలు సగం ఖాళీ. వేదిక పక్కన జిల్లా రచయితలు గుంపుగా నిలబడ్డారు. ప్రతివాళ్ళ చేతిలో సొంత పుస్తకాలున్న సంచీ ఉంది. ఒకరి పుస్తకం ఒకరికి సంతకం చేసి ఇచ్చుకుంటున్నారు. చీమకుర్తి నుంచి వచ్చిన ఒక కవి, ఫ్లెక్సీ మీద తన పేరు చివర వేశారని నిర్వాహకుడితో తగువు పడుతున్నాడు. ఇంకొకాయన ముందు వరస సోఫాలో తన తువాలు పరిచి టీకి వెళ్ళాడు.

వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. జిల్లా రచయితల ఫోటోలు చుట్టూ ఉన్నాయి. మధ్యలో ఎర్రటి అక్షరాలు. రసూల్‌బీకి చదవడం రాదు. నసీమా ఆగి దాన్నే చూస్తుంటే, "ఏంది రాసింది?" అని అడిగింది.

నసీమా ముందుకు నడిచింది. సుబ్బరావమ్మ కూడబలుక్కుంటూ చదివింది. "పురుగు చావని మందు మగాడికైనా..." దాని కింద, 'పచ్చసీసా కథలో రసూల్‌బీ' అని ఉంది.

అంతలో చెంచురామయ్య వచ్చాడు. జుట్టు నెరిసింది. రెండు చేతులూ పట్టుకుని, "వచ్చావా అమ్మా. నువ్వు వస్తావని అందరికీ చెప్పాను" అన్నాడు. నసీమాని చూసి, ఎంత ఎదిగిందో అన్నాడు. కళ్ళు చెమర్చాయి. అతనిలో నటన లేదు.

రసూల్‌బీ ఊళ్ళో మాట్లాడినట్టు మాట్లాడలేదు. గొంతు తగ్గించుకుని చెప్పింది.

"సారూ, నేను ఆ మాట అనలేదు. ఆయన తాగలేదు. గాలికి పోయాడని మీకు చెప్పినాను."

"చెప్పావమ్మా. నాకు గుర్తుంది."

"మరి?"

చెంచురామయ్య ఆమెను పక్కకి తీసుకువెళ్ళాడు. "అమ్మా, అది నీ ఇంటి కథ ఒక్కటే కాదు. ఆ ఏడు ఎంతమంది తాగారు? వాళ్ళందరి కథా అది. గాలికి పోయాడంటే చదివినవాడు అయ్యో పాపం అని పేజీ తిప్పుతాడు. ఆ మాట ఉండబట్టే కథ ఇవాళ్టికీ చదివినవాడికి నిద్రపట్టకుండా చేస్తోంది."

"అందరి కథా అయితే ఎవురి పేరన్నా పెట్టాల్సింది. ఏ పేరూ లేని పేరు పెట్టాల్సింది. నా పేరు ఎందుకు పెట్టారు?"

అతను చాలా నిజాయితీగా ఆలోచించాడు. "ఆ పేరుతోనే కథ నాకు వినపడింది" అన్నాడు. "మార్చి చూశాను. ప్రాణం పోయింది."

"మా ఇంట్లో ప్రాణం కూడా పోయింది సారూ. దానికి ఇప్పుడు ఫాతెహా కూడా లేదు. మా పిల్ల నా మొహం చూట్టంలా. ఆ మాట తీసేయండి. మళ్ళీ అచ్చేసేటప్పుడన్నా తీసేయండి."

"చూద్దాం. తప్పకుండా చూద్దాం" అన్నాడు చెంచురామయ్య. మైకులో అతని పేరు పిలిచారు.

వేదిక మీద వరసగా రచయితలు మాట్లాడారు. ప్రతివాళ్ళూ తమ ఊరు, తమ మట్టి, తమ మనుషులు అన్నారు. చెంచురామయ్య తన వంతు రాగానే కథ పుట్టిన గుమ్మం గురించి చెప్పి, రసూల్‌బీని పైకి పిలిచాడు. శాలువా కప్పారు. ఒక జ్ఞాపిక, నాలుగు పుస్తకాలు చేతిలో పెట్టారు. ఫోటోలు తీశారు. రెండు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చారు.

రసూల్‌బీ మైకు దగ్గర నిలబడి కూతురు ఎక్కడుందో వెతుక్కుంది. కనపడ్డాక మాట్లాడింది.

"నా మొగుడు మందు తాగి పోలేదు. మందు కొడతా, గాలి ఎదురొచ్చి పోయాడు. నేను ఆయన్ని తాగమనలేదు. ఎనక రాసిన మాట నాది కాదు. గాలి ఉంది, సాయంత్రం పో అన్నా. చద్దన్నం తిని పో అన్నా. ఇనలేదు. సుబ్బరావమ్మ వదిన ఉంది, అడగండి. ఆయన్ని పాపాత్ముణ్ణి చెయ్యబాకండి. సారు మంచోడు. ఆ మాట ఒక్కటి కొట్టేయమని చెప్పటానికే వచ్చినా."

బజ్జీల బండి దగ్గరున్నవాళ్ళు కూడా ఇటు తిరిగారు. రసూల్‌బీకి ధైర్యం వచ్చింది. వింటున్నారు అనుకుంది. అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. ముందు వరసలో ఒకావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చప్పట్లు ఆగలేదు.

తర్వాత సభాధ్యక్షుడు లేచాడు. గుంటూరు నుంచి వచ్చిన పేరున్న విమర్శకుడు. గద్గదమైన గొంతుతో అన్నాడు, "మిత్రులారా, ఇప్పుడు మనం చూసిందేమిటి? ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ తల్లి ఆ క్షణాన్ని ఒప్పుకోలేకపోతోంది. గాలి అంటోంది. ఎవరి మీదా నేరం మోపలేక గాలి మీద వేస్తోంది. చెంచురామయ్య కథ ఎంత నిజమో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

మళ్ళీ చప్పట్లు. చెంచురామయ్య తల వంచుకుని కూర్చున్నాడు. అది కాదని లేచి చెప్పడానికి అతని ముందు మైకు ఉంది. అతను అది ముట్టుకోలేదు.

సుబ్బరావమ్మ కుర్చీలోంచి లేచి, "అయ్యా, నేనున్నా ఆ చేలో" అంది. ఆమె దగ్గర మైకు లేదు. తర్వాతి రచయిత అప్పటికే కవిత మొదలుపెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారు దొరకలేదు. ఎవరో ముఖ్య అతిథిని దింపడానికి వెళ్ళిందన్నారు. బస్సెక్కారు. నసీమా ముందు సీట్లో విడిగా కూర్చుంది. సుబ్బరావమ్మ లేచి వెళ్ళి పిల్ల పక్కన కూర్చుంది.

"మీ అమ్మ అబద్ధం చెప్పదే. నా ఒళ్ళో పోయాడు మీ నాయన."

"చేలో ఉన్నావత్తా. పొద్దున మా ఇంట్లో లేవుగా" అంది నసీమా. అందులో కోపం లేదు. లెక్క తేలక అడుగుతున్న పిల్లలా ఉంది. వెనక సీట్లో రసూల్‌బీ శాలువా మడిచి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. విన్నదో లేదో తెలియదు.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో ఫోటో పడింది. శాలువాతో రసూల్‌బీ, పక్కన చేతులు జోడించి చెంచురామయ్య. 'గాలిని నిందించిన గుండెకోత' అని శీర్షిక పెట్టారు. రేగడపాడులో అప్పటిదాకా కథ గురించి తెలియనివాళ్ళకి కూడా తెలిసింది.

చెంచురామయ్య మాట నిలబెట్టుకున్నాడు, తనకు చేతనైనట్టు. కథల సంపుటి మళ్ళీ అచ్చయినప్పుడు ముందుమాటలో రసూల్‌బీ గురించి ఒక పేజీ రాశాడు. ఆ రోజు మైకులో ఆమె అన్నదంతా ఉన్నదున్నట్టు రాసి, 'ఈ నిరాకరణ ముందు రచయితగా నేను చేతులు జోడిస్తున్నాను' అన్నాడు. కథలో మాత్రం ఒక్క అక్షరం కదపలేదు. వెనక అట్ట మీద ఆమె ఫోటో వేశాడు. పోస్టులో పుస్తకం పంపాడు. నసీమా ముందుమాట చదివి వినిపించింది. రసూల్‌బీ విని, "మందు కొడతా పోయాడని సారు రాశాడా?" అని అడిగింది.

"నువ్వు అన్నావని రాశాడు."

"పోయాడని రాశాడా?"

"లేదు."

నసీమా ఇంటర్ అయ్యాక గుంటూరులో నర్సింగులో చేరింది. రెండో ఏడు అత్యవసర విభాగంలో వేశారు. మిరప, పత్తి సీజన్లో పురుగుమందు కేసులు వరసగా వచ్చేవి. తాగినవాళ్ళు, కొడుతూ పడిపోయినవాళ్ళు. సెలవుకి ఇంటికొచ్చినప్పుడు, తల్లి అడగకుండానే ఒక సాయంత్రం ఆ మాట ఎత్తింది.

"రెండూ ఒకలాగే ఉంటయ్యమ్మా. అవే చెమటలు, అదే నురగ. కళ్ళలో పాప చిన్నదైపోతుంది. తాగారో పీల్చారో చాలాసార్లు చుట్టాలు చెబితేనే తెలుస్తుంది."

"నేను చెప్పినాగా" అంది రసూల్‌బీ.

"చెప్పావు" అంది నసీమా. తల్లి పక్కన కూర్చుని దూది కూరడానికి సాయం చేసింది. ఆ మాత్రం దగ్గరితనం ఆ ఏళ్ళలో తిరిగొచ్చింది. అంతకుమించి రాలేదు. పిల్ల నమ్మానని అనలేదు, నమ్మలేదనీ అనలేదు. ఉద్యోగం వచ్చాక గుంటూరులోనే ఉండిపోయింది. పండక్కి వచ్చి వెళుతుంది.

రసూల్‌బీ నోరు ఆ ఏళ్ళలోనే పడిపోయింది. మేక దడి దాటి వస్తే కర్రతో అదిలించి ఊరుకుంటుంది. కుళాయి దగ్గర బిందె జరిపితే మళ్ళీ సర్దుకుంటుంది. ఒకసారి కూలిరేటు తగ్గించిన ఆసామిని ఏదో అనబోయి, నోటిమీద చెయ్యి పెట్టుకుని ఆగిపోయింది. ఏమైందని పక్కనున్నవాళ్ళు అడిగితే, "ఏం లేదులే, మళ్ళీ ఎక్కడ రాస్తారో" అంది.

సుబ్బరావమ్మతో మాత్రం ఒకరోజు అసలు సంగతి చెప్పింది. ఇద్దరూ వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్నారు.

"వదినా, ఆ పొద్దున ఏమన్నానో తలుచుకుంటన్నా. గాలి ఉందన్నానా, అన్నం తినమన్నానా. తలుచుకోంగానే ఆ పుస్తకంలో మాట అడ్డమొస్తంది. నా గొంతుతోనే వినపడతంది. ఎంత తోసినా పోవట్లా."

"నువ్వు అనలేదే" అంది సుబ్బరావమ్మ.

"నువ్వు లేవుగా వదినా అప్పుడు."

2011లో యూనివర్సిటీ నుంచి ఇద్దరు విద్యార్థులు వచ్చారు. చెంచురామయ్య కథల మీద పరిశోధన చేస్తున్నారంట. టేప్‌రికార్డరు అరుగు మీద పెట్టి, ఎంతో మర్యాదగా ఒకటొకటే అడిగారు. చివరికి ఆ ప్రశ్న వచ్చింది. ఆ మాట మీరు నిజంగానే అన్నారా అమ్మా అన్నారు.

రసూల్‌బీ పరుపు మూల మడిచి కుడుతోంది. దారం బిగించి, పళ్ళతో కొరికి, ఇంకో పోగు ఎక్కించుకుంది.

"అన్నాననే అందరూ అంటన్నారు గదయ్యా. అనే ఉంటాలే" అంది.

వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకతను వంగి టేపు తిరుగుతోందో లేదో చూసుకున్నాడు. తిరుగుతోంది.